ఎక్కడ పట్టుకుంటావే?

సోమవారం మధ్యాహ్నం కూర్చుని మా అయిదేళ్ల మనవరాలి గుడ్డ కుందేలును బాగుచేశాను. ఒక చెవి సగం ఊడి వేలాడుతోంది. కడుపు దగ్గర కుట్టు విడిపోయి లోపలి పాలిస్టర్ దూది బయటికొస్తోంది. మెడలో దూది అణిగిపోయి తల పక్కకు వాలిపోయింది. ముందు సబ్బునీళ్లలో ఉతికి ఆరబెట్టాను. చెవిని తిరిగి కుట్టాను. మెడలో కొత్త దూది గట్టిగా కూరాను. కడుపు చిరుగును పైపైన కుట్టలేదు. ఈ అంచున ఒక పోగు, ఆ అంచున ఒక పోగు సూదితో పట్టుకుంటూ పోయి చివర దారం లాగితే రెండంచులూ దగ్గరకొచ్చి మూసుకుంటాయి. వెతికినా కుట్టు కనబడదు.

ఈ శీర్షికలో చిల్లు గొడుగు గురించి, కాలరు తిప్పి కుట్టిన చొక్కా గురించి రాసిన వారాల నుంచీ నా మాట మీకు తెలుసు. పారేయొద్దు, బాగుచేసుకోండి. చేస్తే కొత్తదానిలా చేయండి. మాసిక వేసినట్టు తెలియకపోవడమే ఆ చేతి గొప్ప అని నలభై ఏళ్లుగా నమ్ముతున్నాను.

సాయంత్రం కుందేలును పిల్ల చేతిలో పెట్టాను. మెడ పట్టుకుంది. వదిలి, మళ్లీ పట్టుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. “అమ్మమ్మా, ఇది నాది కాదు” అని నా ఒళ్లో పెట్టేసి వెళ్లిపోయింది. ఆ రాత్రి ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. నాకు నిద్ర పట్టలేదు.

పట్టకపోగా ఒనకఢిల్లీ గుర్తొచ్చింది. ఒడిశాలో ఇప్పుడు నేనుంటున్న ఈ లమ్తపుట్ బ్లాకులోనే ఉంది ఆ ఊరు. మా నాన్న అక్కడి మాచ్‌ఖండ్ ప్రాజెక్టులో పనిచేసేవారు. ఆంధ్ర, ఒడిశా కలిసి కట్టుకున్న ఆ ప్రాజెక్టులో 1955లో కరెంటు పుట్టింది. పవర్‌హౌస్ లోయలో అడుగున ఉంటే, వించ్ ఎక్కి డ్యూటీకి దిగేవారు. పైన కాలనీలో మాలాంటి తెలుగు కుటుంబాలు. గురువారం సంతకు బోండా, గదబ గిరిజనులు కొండల మీది నుంచి వచ్చేవారు. ఆ సంతలో ఉప్పు, చింతపండు, కోళ్లు, పూసలు ఉండేవి గాని పిల్లలకు గుడ్డబొమ్మలు ఉండేవి కావు.

మా మామ్మ తన పాత నేతచీర ముక్కతో నాకు ఏనుగును కుట్టింది. లోపల బూరుగు దూది. ఎండలు ముదిరేవేళకు బూరుగు కాయలు పగులుతాయి. మామ్మ తలుపులన్నీ మూసి, దుప్పటి పరిచి గింజలు ఏరేది. ఎవరైనా గభాలున తలుపు తీస్తే దూది వంటింట్లోకి, పప్పుగిన్నెలోకి ఎగిరేది. ఆ పోగు మరీ నున్నన, పొట్టి, వడకబోతే నిలవదు. అందుకే అది బట్టకు పనికిరాలేదు, దిండుకు పనికొచ్చింది. మా ఏనుగుకూ పనికొచ్చింది.

ఒకసారి ఏనుగు వెనక కాలు చిరిగిపోయింది. మాకు కట్టెలు తెచ్చే గదబ పెద్దమ్మ అది చూసి, మర్నాడు తన పాత కెరంగ్ గుడ్డ అంచు చించి తెచ్చింది. కెరంగ్ మొక్క బెరడు నార తీసి, నూలు కలిపి, ఆ రోజుల్లో గదబ ఆడవాళ్లు తమకోసం తామే నేసుకునే గుడ్డ అది. ఎరుపు, నీలం, తెలుపు చారలు. మామ్మ ఆ ముక్కతోనే మాసిక వేసింది. చీరగుడ్డ ఒంటినిండా చివికిపోయినా ఆ చారల కాలు మాత్రం చివరిదాకా చిరగలేదు.

సోమవారం రాత్రి నన్ను లేపి కూర్చోబెట్టింది మాత్రం ఆ కాలు కాదు, మామ్మ అడిగే ప్రశ్న. మామ్మ ఏనుగును బాగుచేయడానికి కూర్చున్న ప్రతిసారీ, సూదిలో దారం ఎక్కించే ముందు దాన్ని నా చేతికిచ్చి, “ఎక్కడ పట్టుకుంటావే?” అని అడిగేది. నేను తొండం మొదట్లో పట్టుకునేదాన్ని. అక్కడ దూది అణిగి, గుడ్డ పల్చబడి, నా పిడికిలికి సరిపడా పల్లం పడింది. కడుపు నింపేది, తోక అతికించేది, ఆ పల్లాన్ని మాత్రం ముట్టుకునేది కాదు. “అది నీ చెయ్యి చేసుకున్న చోటు” అనేది. ఏనుగును నీళ్లలో ఎప్పుడూ ముంచలేదు. ఎండలో పెట్టేది. ఎండకు దూది పొంగేది, వాసన మిగిలేది.

పిల్లల వైద్యుడు, మనోవిశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్ 1953లో అచ్చయిన వ్యాసంలో ఇదే సంగతి రాశాడు. బిడ్డ వదలని గుడ్డముక్క మాసినా, కంపుకొట్టినా తల్లి ఉతకదు. ఉతికితే బిడ్డకు దానితో ఉన్న బంధం తెగుతుందని ఆమెకు తెలుసు అని. అంతకు చాలా ముందే, జర్మనీలో మార్గరెట్ స్టైఫ్ 1880లో ఫెల్ట్‌తో ఏనుగులు కుట్టింది గుండుసూదులు గుచ్చుకోవడానికి. పిల్లలు వాటిని తీసుకుని ఆడుకున్నారు. కుట్టినావిడ వాటిని సూదులకని అనుకుంది. బొమ్మ అని తేల్చింది పిల్లలు. మామ్మ వీళ్లెవరి పేరూ వినలేదు.

మంగళవారం పొద్దున్నే కుందేలును పిల్లకిచ్చి అడిగాను. మెడ చూపించింది. నేను వేసిన కుట్టు నేనే కత్తిరించి, కూరిన దూదంతా బయటికి తీశాను. తల మళ్లీ పక్కకు వాలింది. చెవి కుట్టినట్టే ఉండనివ్వమంది. వాసనను మాత్రం నేను తెచ్చివ్వలేను. ఆమె పక్కలోనే పడుకుని అది తిరిగి రావాలి. శుక్రవారం రాత్రి కుందేలు మెడ పట్టుకునే నిద్రపోయింది.

చొక్కాల విషయంలో, గొడుగుల విషయంలో నా పాత మాట మీదే ఉన్నాను. పిల్లల బొమ్మ దగ్గర దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. మీ ఇంట్లో అలాంటి బొమ్మ చిరిగితే ఉతకడానికి తొందరపడకండి. సూది తీసే ముందు బొమ్మను ఒకసారి పిల్ల చేతికివ్వండి. ఎక్కడ పట్టుకుంటుందో చూసి, ఆ చోటు వదిలేసి మిగతాది కుట్టండి.