వెలుతురుకో చిట్టా

ఫొటోల గురించి మనవాళ్ళు రాసే మెప్పుదల మాటలు చూడండి. ‘వెలుగునీడల దోబూచులాట’ అంటారు. ‘కాంతితో రాసిన కవిత’ అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. మరి ఆ దీపం ముఖానికి ఎంత దూరాన ఉంది, ఏ పక్కన ఉంది, ఎంత ఎత్తున ఉంది అని అడిగితే మాత్రం జవాబుండదు. విమర్శకుడి సంగతి పోనీ, తీసినవాడి నోటుబుక్కులోనూ తరచు ఉండదు. లెన్సు ఎంత తెరిచాడో, షట్టరు ఎంత వేగమో పొల్లుపోకుండా ఉంటాయి. చదివింపుల పద్దంతా రాసి పెళ్ళికూతురి పేరు మరిచినట్టు! పైగా ఈరోజుల్లో ఆ అంకెల్ని కెమెరానే రాసిపెట్టుకుంటోంది. దీపం చోటు మనిషే రాయాలి.

యూసఫ్ కార్ష్ తీసిన చర్చిల్ బొమ్మ ఎరగనివారు తక్కువ. 1941 డిసెంబరు 30న, ఒటావా పార్లమెంటు భవనంలో, స్పీకరు గదిలో తీశాడు. కార్ష్ చర్చిల్ నోట్లోంచి చుట్ట లాగేశాడనీ, ఆయన గుర్రుగా చూశాడనీ, ఆ చూపే బొమ్మలోకెక్కిందనీ అందరూ చెప్పేదే. ఆ కథలో మనం దాటేసే ముక్క ఒకటుంది. కార్ష్ ముందురోజు సాయంత్రమే అక్కడ కెమెరా, దీపాలు అమర్చుకున్నాడు. చుట్ట లాగాక దీపాలు జరుపుతూ కూర్చుంటే ఆ కోపం చల్లారిపోదూ? ఆయన బోస్టన్‌లో గారో అనే గురువు దగ్గర పగటి వెలుతురుతో పని నేర్చాడు. విద్యుద్దీపాల మహిమ ఒటావా లిటిల్ థియేటర్ నాటకాల్లో చూశాడు. చుట్ట కథ చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ, నేర్చుకునేవాడికి పనికొచ్చేది ఆ ముందురోజు సాయంత్రం.

‘బొమ్మ చూస్తే దీపం ఎక్కడుందో తెలిసిపోదా?’ అంటారేమో. కొంత తెలుస్తుంది. కంటిపాపలో మెరిసే చుక్క దీపం ఉన్న దిక్కు చెబుతుంది. ముక్కు కింద సీతాకోకచిలుకలాంటి నీడ పడితే దీపం ఎదురుగా, ఎత్తున ఉందన్నమాట. నీడ చెంప మీద చిన్న ముక్కోణంలా వెలుగు నిలిస్తే దానికి చిత్రకారుడు రెంబ్రాంట్ పేరే పెట్టారు. కానీ దగ్గర పెట్టిన చిన్న తెరా, దూరాన పెట్టిన పెద్ద తెరా కంట్లో ఒకే తీరు చుక్క వేస్తాయి. తేడా ఎక్కడంటే, చిన్న దీపాన్ని 3 అడుగుల నుంచి 6 అడుగులకు జరిపితే ముఖం మీది వెలుతురు సగం కాదు, పావువంతుకు పడిపోతుంది. అంచేత ‘కాస్త ఎడంగా’ అని రాసుకుంటే చాలదు. అడుగులు, అంగుళాలు కావాలి.

రాసుకోకపోతే ఏమవుతుందో ఆన్సెల్ ఆడమ్స్‌ను చూడండి. హెర్నాండెజ్ ఊరిమీద చంద్రోదయం తీసిన రోజు వెలుతురు లెక్కంతా ఆయనకు గుర్తుంది, తేదీ గుర్తులేదు. ఒక్కోచోట ఒక్కో సంవత్సరం వేశాడు. చివరికి చంద్రుడి స్థానాన్ని బట్టి లెక్కగట్టి, అది 1941 నవంబరు 1 సాయంత్రం 4 గంటల 49 నిమిషాలని 1991లో డెనిస్ డి చికో తేల్చాడు. చంద్రుడికి పంచాంగం ఉంది కనుక సరిపోయింది. స్టూడియో దీపానికి పంచాంగం లేదే!

‘అన్నీ కాగితమ్మీద పెడితే కళ ఏం మిగులుతుంది?’ అనేవారూ లేకపోలేదు. వారికి మన భాషలోనే జవాబుంది. సుబ్బరామ దీక్షితులు 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెలుగులో అచ్చు వేయించారు. అంతకుముందు ఎక్కువగా గురుముఖాన నడిచిన కీర్తనల్ని స్వరపరచి, గమకాలకు సైతం గుర్తులు పెట్టారు. దాంతో పాట చచ్చిందా? ముత్తుస్వామి దీక్షితుల కృతులు ఈనాటి పాఠకుడి చేతికి అందాయి. అదే కృతిని ఇద్దరు పాడితే ఇప్పటికీ రెండు రకాలుగానే ఉంటుంది. ఫొటోకు షట్టరు వేగం స్వరమైతే, దీపం అమరిక గమకం. మనవాళ్ళు స్వరం రాసి గమకం వదిలేస్తున్నారు.

ఊరూరా స్టూడియోల్లో నల్లటి ముఖాన్ని తెల్లబరచకుండా, దాని నిగ్గు దానికే ఉంచి తీసిన చేతులున్నాయి. ఆ చేతులతోపాటే ఆ లెక్కా పోతోంది. మనిషి, కుర్చీ, కెమెరా, దీపాలు: నాలుగు గీతలు, నాలుగు కొలతలు, ఓ తేదీ. అరఠావు కాగితం చాలు. చూసి తీసినంత మాత్రాన కుర్రవాడు కార్ష్ కాడు. కానీ గురువు పదేళ్ళు తడుముకున్నదాన్ని తానూ పదేళ్ళు తడుముకోనక్కర్లేదు.