గ్రంథమృగయ: పాతపుస్తకముల వేఁటయందలి సుఖము, దాని ప్రయోజనము

సంస్కృతమున మృగధాతువునకు వెదకుట యర్థము. వెదకఁబడునది గనుక మృగము. ఆ వెదకుటయే మృగయ. దానినే మనము తెలుఁగున వేఁట యనుచున్నాము. పాతపుస్తకములకై తిరుగువారు తమ పనిని వేఁట యని చెప్పుకొనుట పరిహాసమునకే యైనను, ధాత్వర్థమును విచారించినచో నందు దోషమేమియుఁ గానరాదు. అయితే రాజుల మృగయ కొక నింద కలదు. ధర్మశాస్త్రకారులు దానిని కామజవ్యసనములలోఁ జేర్చిరి. గ్రంథమృగయయు నట్టి వ్యసనమేనా, లేక విద్యకొక యంగమా యనునది యిట విచార్యము.

ఈ వేఁటయందు సుఖము కలదనుటకు వేఱు సాక్ష్య మక్కఱలేదు. చెన్నపట్టణమున మూరుమార్కెట్టు 1985లో నగ్నిపా లగువఱకు పాతపుస్తకములు కోరువారికి యాత్రాస్థలముగా నుండెను. హైదరాబాదున ఆబిడ్సు వీథిలో నాదివారమునాఁడు మూసిన యంగళ్ల ముందఱి కాలిబాటపైఁ బుస్తకములు పఱచి యమ్ముదురు. అచ్చట నెండలో గంటలకొలఁది వంగి వెదకువారి సుఖ మెట్టిది? చౌకగా లభించుట కాదు. చౌకవస్తువులు సంతలో ననేకము గలవు. ఆ సుఖము ప్రత్యభిజ్ఞారూపమైనది. అట్టలేని యొక పుస్తకము ఉదయము మొదలు నూర్గురి కన్నులఁ బడును. ఒక్కఁడు మాత్రము దానిని గుర్తించును. లేనిదేదో యెఱిఁగినవానికే ఉన్నది కనఁబడును. ఏ సంచిక లుప్తమైనదో, ఏ కూర్పు దుర్లభమో ముందుగాఁ దెలియనివాఁడు దానిని చేతఁ బట్టియు మఱల నచ్చటనే పెట్టి పోవును. కాఁబట్టి యీ సుఖమునకు జ్ఞానమే కారణము. రాజుల మృగయకును దీనికిని మొదటి భేద మిదియే.

ఇఁక ఫలమును విచారింతము. తెలుఁగునఁ దొలి కథానిక గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు' అనియు, నది 1910లో వెలువడినదనియు మన పాఠశాలలలోఁ జిరకాలము బోధించితిమి. పాతపత్రికల సంచికలను వెదకినవారు భండారు అచ్చమాంబగారి (1874–1905) కథలను వెలికిఁ దెచ్చిరి. ఆమె 'ధనత్రయోదశి' 1902లోనే 'హిందూసుందరి' పత్రికలో వెలువడియుండెను. ఎనిమిదేండ్ల యంతరము స్వల్పమని తోఁపవచ్చును. కాని కథానికాచరిత్రమున స్త్రీల స్థానమును గుఱించి మనము చెప్పు మాట యా యొక్క సంచికతో మాఱిపోయినది. గురజాడవారి కథయొక్క గుణము దీనివలన నిసుమంతయుఁ దగ్గలేదు. ప్రథమత్వము వేఱు, శ్రేష్ఠత్వము వేఱు. ఈ రెంటిని కలిపి బోధించుటయే దోషము. ప్రథమ మనెడి మాట యెల్లప్పుడును రాఁబోవు లాభమునకు లోఁబడియే యుండునని విద్యార్థులకుఁ జెప్పవలెను.

సినిమాపాటల పుస్తకములు, నటుల చిత్రపటములు, ప్రకటనపత్రములు, 1947 జూలైలో వెలువడిన 'చందమామ' మొదటి సంచిక మొదలగువానిని ప్రోగుచేయువారిని పండితులు చులుకనగాఁ జూతురు. అభిమానముచేఁ జేయు పని శాస్త్రము కాదని వారి యాక్షేపము. ఒక్క యుదాహరణము చాలును. తెలుఁగున మొదటి మాటాడు చలనచిత్రమైన 'భక్తప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15వ తేదీన విడుదల యైనదని పుస్తకములన్నియు వ్రాసినవి. పాత్రికేయులు రెంటాల జయదేవగారు నాఁటి పత్రికలను, సెన్సారు వివరములను వెదకి యది బొంబాయిలో 1932 ఫిబ్రవరి 6వ తేదీన విడుదల యైనదని నిరూపించిరి. శాస్త్రగ్రంథములు దాఁచని దానిని ప్రకటనకాగితములు దాఁచినవి. నాఁడు పాఱవేయుటకే పుట్టిన కాగితము నేఁడు ప్రమాణమైనది. అభిమాని ప్రేమతో దాఁచుకొన్నది పండితునకు సాక్ష్య మగుచుండఁగా నాతనిని నిందించుట కృతఘ్నత.

మూఁడవ యుదాహరణము మన ప్రాంతమునకుఁ జెందినది. 'కన్యాశుల్కము' 1892లో విజయనగరమునఁ బ్రదర్శింపఁబడి, 1897లో ముద్రితమైనది. 1909లో గ్రంథకర్తయే దానిని విశేషముగాఁ బెంచి తిరుగవ్రాసి ప్రకటించెను. లోకము రెండవదానినే చదివినది; మొదటిది దుర్లభ మయ్యెను. బండి గోపాలరెడ్డిగారు (బంగోరె) దానిని సంపాదించి 'మొట్టమొదటి కన్యాశుల్కం' అను పేర 1969లో మరలఁ బ్రకటించిరి. వ్యాకరణమున మునిత్రయములో నుత్తరోత్తరునకుఁ బ్రామాణ్య మధికము; అయినను సూత్రమును విడిచి భాష్యమును జదువువాఁడు లేఁడు. అట్లే 1909 నాఁటి కూర్పు గ్రంథకర్త తుదినిశ్చయ మగుటచే నదియే ప్రమాణము. కాని యా నిశ్చయమునకుఁ బూర్వ మాతఁడు దేనిని విడిచెనో, దేనిని బెంచెనో తెలియవలెనన్న 1897 నాఁటి ప్రతి కావలెను. మధురవాణి యంతటి పాత్రముగా నెట్లు పెరిగినదో రెండు ప్రతులను బ్రక్కప్రక్కనఁ బెట్టుకొని చదివినవానికే గోచరించును. ఆ ప్రతి నశించియుండినచో మహాకవి సృష్టి మిగిలియుండెడిది గాని, యాతని శిల్పాభ్యాసము మనకుఁ దెలియకపోయెడిది.

ఇంతవఱకు గుణములు. దోషములను దాఁచుట విమర్శకధర్మము గాదు. మొదటి దోషము, లబ్ధవస్తువునందుఁ బక్షపాతము. మానవల్లి రామకృష్ణకవిగారు నన్నెచోడుని 'కుమారసంభవము'ను వెలికిఁ దీసి 1909లో మొదటిభాగమును బ్రకటించి మహోపకారము చేసిరి. కాని యా కవి నన్నయకంటెఁ బూర్వుఁడని వారు చేసిన నిర్ణయము దీర్ఘవివాదమునకు హేతువైనది; పండితులలోఁ బెక్కండ్రు తరువాత దానిని ద్రోసివేసిరి. కనుఁగొనినవాఁడు తాఁ గనుఁగొన్నదానికిఁ బ్రాచీనత నెక్కువగాఁ గోరుట సహజము. కావున లభించినవస్తువు కాలమును నిర్ణయించుటకుఁ దొలుత ననర్హుఁడు దానిని బొందిన సంతోషములో నున్నవాఁడే.

రెండవ దోషము, దాఁపఱికము. తనయొద్ద మాత్రమే యున్నదన్న గర్వముతోఁ బెట్టెలోఁ బెట్టి తాళము వేసిన పుస్తకము చెదపురుగునకును, యజమానికిని దప్ప నన్యులకుఁ బనికిరాదు. ఇదియే నిజమైన వ్యసనము. బ్రౌనుదొర (1798–1884) తాళపత్రప్రతులను ద్రవ్యము వెచ్చించి సేకరించి, పండితులచే సరిచూపించి, 1829లో వేమన పద్యములను ముద్రింపించెను. ఆయన సేకరించిన ప్రతులు చెన్నపట్టణపుఁ బ్రాచ్యలిఖితపుస్తకశాలకుఁ జేరి నేఁటికిని పరిశోధకులకు నాధార మగుచున్నవి. మన శ్రీకాకుళమున ఉపాధ్యాయులైన కాళీపట్నం రామారావుగారు (1924–2021) తమకు లభించిన పురస్కారధనమును వినియోగించి 1997 ఫిబ్రవరిలో 'కథానిలయము'ను స్థాపించిరి. పాతపత్రికలలోఁ జెల్లాచెదరైన తెలుఁగుకథ లచ్చట నొకచోఁ జేరినవి. పట్టణపు సంపన్నుఁడు గాక, యొక బడిపంతులు కాగితముల వేఁటను దేశమునకుఁ జెందిన సంస్థగా మార్చుట ఉపాధ్యాయులు గమనింపవలసిన విషయము.

ఇప్పుడు గ్రంథములన్నియు యంత్రముద్వారా తెరపై లభించుచుండఁగా నీ శ్రమ యేల యని కొంద ఱడుగుదురు. తెరపైఁ గనఁబడునది యెవరో యెక్కడనో దాఁచిన ప్రతికి ఛాయయే గదా. బింబము లేక ప్రతిబింబము లేదు. మఱియు పత్రికలను సంపుటములుగాఁ గుట్టించునపుడు అట్టలను, ప్రకటనపుటలను జించివేయుట పలుచోట్ల నాచారము. ఆ సంపుటములకు ఛాయ తీసినను, జినిఁగినపుట మరల రాదు. సంచిక యథాతథముగా నుండిన గృహమును వెదకియే తీరవలెను.

ఈ మాట మా భావనపాటివంటి తీరమునకు మఱింత వర్తించును. ఒకవైపు సముద్రము, వేఱొకవైపు నౌపడ ఉప్పుమడులు. ఈ గాలిలోఁ గాగితము శీఘ్రముగా మెత్తఁబడి బూజు పట్టును, తాటాకుకట్టల త్రాళ్లు చివికి యాకులు చెదరును. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస ప్రాంతమునఁ దీరము దాఁటినపుడు కొబ్బరితోఁటలు, జీడితోఁటలు కూలినట్లు లెక్కలు వ్రాసిరి. అటకలపైఁ దడిసిన పుస్తకములకు లెక్క వ్రాసినవారు లేరు. 2023 ఏప్రిల్‌లో మూలపేటలో నోడరేవునకు శంకుస్థాపన జరిగినది. ఊళ్లు స్థలము మాఱునపుడు జనులు బియ్యపుబస్తాను, దేవుని పటమును మోసికొనిపోదురు గాని, తాతగారి పాతపెట్టెను మోయువారు తక్కువ. అది చిత్తుకాగితముల వర్తకుని తక్కెడకెక్కును. దానిలో నేమి యున్నదో చూచువాఁడు ఆ దినమున నచ్చట నుండవలెను.

అట్లుండఁదగినవాఁడు గ్రామపాఠశాలాపండితుఁడే. ఆతనికి ధనము వలదు; ఒక లెక్కపుస్తకము చాలును. ఏ యింట నే గ్రంథమున్నది, పేరు, కర్త, ముద్రణాలయము, సంవత్సరము, లోపించిన పుట లెన్ని యని వ్రాసికొనవలెను. ముఖపత్రము లేకున్న మొదటి పంక్తిని, తుదిపంక్తిని వ్రాసిన జాలును. యజమాని యిచ్చిన గ్రంథాలయమునకుఁ జేర్పవలెను. ఇయ్యకున్నఁ జదివి ప్రతి వ్రాసికొనుటకు, ఛాయ తీసికొనుటకు ననుమతి వేఁడవలెను. అడుగకయే కైకొనుట వేఁట కాదు, చౌర్యము.

వెదకుట, గుర్తించుట, నలుగురకుఁ దెలుపుట యను మూఁడును గూడినచో గ్రంథమృగయ విద్యాంగము. మూఁడవది లోపించిన వ్యసనము. మొదటి రెంటియందును సుఖము కలదు. మూఁడవదానియందు శ్రమయే యెక్కువ. అయినను వేఁటకానికిని పండితునకును భేదము తెలియునది యచ్చటనే.