ఏ మీటరుతో కొలిచారు?

లేజర్లతో కుస్తీ పట్టేవాళ్లలో శామ్స్ లేజర్ ఎఫ్‌ఏక్యూ తెలియనివాళ్లు అరుదు. శామ్యూల్ గోల్డ్‌వాసర్ అనే అమెరికన్ ఇంజినీరు 1990ల నుంచి ఓపిగ్గా కూడబెట్టిన సమాచారం అది. పాత హీలియం నియాన్ గొట్టం చేతికి చిక్కితే, అది వెలగాలంటే ఎన్ని వోల్టులు కావాలో ఇప్పటికీ అక్కడే వెతుక్కుంటాం. దండం పెట్టాల్సిన పని. కానీ ఒక్క మనిషి ఎన్నని చూస్తాడు? 2010లో కేసియో ప్రొజెక్టర్లు విప్పి, ఒక్కోదాంట్లోంచి 24 నీలం డయోడ్లు పీకడం మొదలైంది. ఆ తర్వాత ఏడాదికో కొత్త రకం. అందుకే కొందరం కలిసి, ఎవరైనా దిద్దగలిగే వికీ ఒకటి పెట్టుకున్నాం.

నాకు దిద్దుబాటు నేర్పింది తెలుగు వికీపీడియా. 2003 డిసెంబరులో మొదలైన ఆ వికీలో, రచ్చబండ అనే పేజీలో జరిగే వాదాలు చదవడమే ఒక చదువు. మూలం లేని వాక్యం పక్కన ‘ఆధారం చూపాలి’ అని తగిలిస్తారు. మా వికీలో చిక్కల్లా ఇక్కడే. ప్రొజెక్టరులోంచి పీకిన డయోడుకు చాలాసార్లు డేటాషీటే దొరకదు. ఆధారం ఎక్కడిదంటే, ఎవరో తమ బల్ల మీద కొలిచిందే. కాబట్టి ఒక షరతు పెట్టుకున్నాం: అంకె రాస్తే ఏ మీటరుతో, ఎంత కరెంటు దగ్గర కొలిచారో పక్కనే రాయాలి. లేకపోతే తీసేస్తాం.

ఇదేదో చాదస్తం అనుకునేవాళ్లకు ఆకుపచ్చ పాయింటరు పేజీ చూపిస్తాను. ఆ ఆకుపచ్చ నేరుగా పుట్టదు. 808 నానోమీటర్ల డయోడు ఒక స్ఫటికాన్ని రెచ్చగొడితే 1064 వస్తుంది, కేటీపీ అనే మరో స్ఫటికం దాన్ని సగం చేసి 532కి దించుతుంది. మిగిలిపోయిన పరారుణాన్ని చివర్లో ఓ చిన్న ఫిల్టరు ఆపాలి. చవక సరుకులో ఆ ఫిల్టరే ఎగిరిపోతుంది. 2010లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ అలాంటి ఒకదాన్ని పరీక్షిస్తే ఆకుపచ్చ మసగ్గా ఉంది, కంటికి కనిపించని పరారుణం మాత్రం 20 మిల్లీవాట్ల దాకా తేలింది. కనిపించని కాంతికి రెప్ప పడదు కదా! పైగా వేడిని బట్టి కొలిచే మీటరుకు రంగుతో పనిలేదు. ఆకుపచ్చనూ పరారుణాన్నీ కలిపి ఒకే అంకె చూపిస్తుంది. అది చూసి ‘మంచి పవరున్న పాయింటరు’ అని రాస్తే చదివినవాడు కొనుక్కుంటాడు.

ఇంట్లోనే తేల్చుకునే ఉపాయం కూడా నిస్ట్ వాళ్లే చెప్పారు: ఒక సీడీ, ఒక వెబ్ కెమెరా, ఒక టీవీ రిమోటు. సీడీ మీది గీతలు రంగులను విడదీస్తాయి, కెమెరా పరారుణపు చుక్కను పడుతుంది. రిమోటు ఎందుకంటే, ఆ కెమెరాకు అసలు పరారుణం కనిపిస్తుందో లేదో ముందు చూసుకోవడానికి.

లేజర్ రక్షణ కళ్లద్దాల సంగతీ ఇంతే. ‘ఓడీ 4’ అంటే పదివేలలో ఒక వంతు కాంతే లోపలికి వస్తుందని అర్థం. ఏ తరంగదైర్ఘ్యం దగ్గరో చెప్పకపోతే ఆ మాటకు విలువ లేదు. నీలాన్ని ఆపే నారింజ రంగు అద్దం ఎర్ర లేజరును దర్జాగా లోపలికి పంపేస్తుంది.

ఈ భద్రత పేజీలకు తాళం వేయాలా వద్దా అని మాలో పెద్ద తగువు. వికీ అంటేనే తెరిచిన తలుపు అంటారు కుర్రాళ్లు. నేను తాళం వైపే. రాత్రి ఎవరో మార్చిన అంకెను పొద్దున మేం సరిచేయొచ్చు, ఈలోగా దాన్ని నమ్మినవాడి కన్ను సరిచేయలేం.

ఇప్పుడు గొడవంతా కార్బన్ డయాక్సైడ్ లేజర్ కట్టర్ పేజీ మీద. పీవీసీ షీటు కోస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులకూ యంత్రానికీ చేటు. ‘కొంచెమైతే ఫర్వాలేదు’ అని ఒకాయన చేర్చారు, నేను తీసేశాను, ఆయన మళ్లీ పెట్టారు. ఈ వారం ఇంకొకాయన తన కట్టర్ పట్టాలకు పట్టిన తుప్పు ఫొటో ఎక్కించారు. ఎంత మందం షీటు, ఎన్ని కోసిన తర్వాత తీసిన ఫొటో అన్నది రాయలేదు. అడిగాను.