రక్తపరీక్ష ఏ ప్రశ్నకు సమాధానము?

అమీర్‌పేట మైత్రీవనం కూడలి మొదలు పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రి వరకు గల ప్రాంతమున శిక్షణాలయములు, హాస్టళ్లు, రోగనిర్ధారణ కేంద్రములు పక్కపక్కనే కలవు. దూరపు జిల్లాలనుండి వచ్చి అక్కడ చదువుకొను యువకునికి ఒకరితో శారీరక సంబంధము కలిగిన పిమ్మట చిన్న పొక్కు కనిపించెననుకొందము. హెర్పిస్ సోకినదేమో అను భయము పుట్టును. ఇంట చెప్పలేడు, వైద్యుని అడుగుటకు సిగ్గు. తానే పోయి రక్తమిచ్చి, కాగితముపై ‘పాజిటివ్’ అను మాట చూచి కుంగిపోవును. ఇందు దోషము పరీక్షది కాదు. అది చెప్పలేని దానిని దానినుండి ఆశించుటయే దోషము.

ముందుగా పేరులోని చిక్కు. నడుమునకు ఒకవైపున పట్టీవలె లేచు సర్పి ఆటలమ్మ వైరస్ వలన కలుగును. హెర్పిస్ సింప్లెక్స్ వేరు. అందు మొదటి రకము ఎక్కువగా పెదవులపై, రెండవది ఎక్కువగా జననాంగములపై పొక్కులు కలిగించును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 అంచనా ప్రకారము 50 ఏండ్లలోపువారిలో సుమారు 380 కోట్లమందికి మొదటి రకము కలదు. పెక్కుమందికి అది బాల్యముననే సోకును. రక్తములోని ఐజిజి ప్రతిరక్షకములు వైరస్ ఎప్పుడో ప్రవేశించినదని మాత్రమే తెలుపును. ఎప్పుడు, ఎవరినుండి అనునది తెలుపవు. ఆ కాగితము చూచి తననో తనవారినో నిందించుట అన్యాయము.

రెండవ చిక్కు కాలము. పొక్కులు వచ్చినచో సాధారణముగా 2 నుండి 12 దినములలో వచ్చును. ప్రతిరక్షకములు తేలుటకు 12 వారములు పట్టవచ్చును. మొదటి వారపు ‘నెగెటివ్’ అభయము కాదు. అమీర్‌పేట చెంతనున్న బేగంపేటలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని కనుగొన్నది, రోగి రక్తము త్రాగి నాలుగు దినములైన దోమలో. సరియైన కాలమున చూచుట పరీక్షలో సగపాలు.

మూడవది ఐజిఎం పరీక్ష. క్రొత్తగా సోకినదానిని ఇది పట్టునని పలువురి నమ్మకము. కాని వ్యాధి తిరుగబెట్టినప్పుడును ఇది కనిపించవచ్చును. రకమును సరిగా వేరుచేయలేదు. కనుకనే అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రము 2021 మార్గదర్శకములలో దీనిని వలదన్నది.

విద్యార్థులు ఈ ఊహాలెక్క చేయవచ్చును. 1000 మందిలో 40 మందికి వ్యాధి కలదు. పరీక్ష వారినందరిని పట్టును. ఆరోగ్యవంతులైన 960 మందిలో నూటికి 5 గురిని పొరబాటున పట్టును, అనగా 48 మందిని. మొత్తము 88 ‘పాజిటివ్’లలో సగముకంటె ఎక్కువ తప్పు! లక్షణములు లేనివారినందరిని పరీక్షించుట ఎందుకు తగదో ఇందువలన తెలియును.

పరీక్ష వలన మనశ్శాంతి కలుగునని కొందరందురు. తగని పరీక్ష శాంతినీయదు. మరొక పరీక్షకు త్రోవతీయును. పొక్కు తాజాగా ఉండగనే వైద్యుని చూచి, దాని ద్రవమునకు పిసిఆర్ పరీక్ష చేయించుట ఉత్తమము. పొక్కు లేనిచో వైద్యుని సలహాతో 12 వారముల పిదప రకమును వేరుచేయు ఐజిజి పరీక్ష చాలును. హెర్పిస్ భయములో హెచ్ఐవి, సిఫిలిస్‌లను మరువరాదు. హెచ్ఐవి నివారణ మందును 72 గంటలలోపే ఆరంభింపవలెను. 1097కు ఫోను చేసినచో ఉచితముగా సలహా దొరకును.

పాఠశాలలో వైరస్ బొమ్మ గీయించుచున్నారు. పరీక్ష దేనిని కొలుచును, దేనిని కొలువదు అనునది కూడ బోధించినచో, ఆ పాఠము ఒక యువకుని నిద్రను కాపాడగలదు.