నేల చరిత్ర ఎవర్ని అడగాలి?

మూతపడ్డ కార్ఖానా జాగాలో సైకిల్ బాట వేస్తామన్నా, పాత రైలు దారిలో ట్రామ్ నడుపుతామన్నా కాదనేవాళ్లు తక్కువ. సొంత బండి లేని మనిషికి అది అక్కరకొచ్చేదే. అందుకేనేమో, ఆ పనికి ముందు తయారయ్యే కాగితాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ నేలలో విషం ఉందా లేదా అని తేల్చే మదింపు నివేదిక అది. జాగ్రత్తగా చదివితే అది మట్టి గురించి కన్నా ఆస్తి గురించే ఎక్కువ మాట్లాడుతది.

ఈ మదింపు వొక పద్ధతిగా స్థిరపడింది అమెరికాలో. అక్కడి 1980 నాటి సూపర్‌ఫండ్ చట్టం కింద విషం పోసినవాడే కాదు, తర్వాత ఆ నేల కొన్నవాడు కూడా శుద్ధి ఖర్చు భరించాల్సి రావచ్చు. కొనేవాడి ఆ భయంలోంచి పుట్టిందే 'మొదటి దశ' మదింపు. దానికి 1993లో ప్రమాణం రాశారు. 2002 చట్టం, 2005 నిబంధనలు దానికి బలమిచ్చాయి. ఈ దశలో పాత బీమా పటాలు, విమానం నుంచి తీసిన ఫొటోలు, ప్రభుత్వ రికార్డులు చూస్తారు. జాగా అంతా తిరుగుతారు. యజమానినీ, అక్కడ ఉంటున్నవాళ్లనూ అడుగుతారు. మట్టి మాత్రం తవ్వరు. అనుమానం తేలితే రెండో దశలో మట్టీ నీళ్లూ తీసి పరీక్షకు పంపుతారు.

ఇందులో మేలు లేదని కాదు. పట్టాల వెంట కలుపు చావటానికి కొట్టిన ఆర్సెనిక్ మందు, చెక్క స్లీపర్లకు పట్టించిన క్రియోసోట్ కంటికి కనపడవు. ఎక్కడ తవ్వాలో పాత పటమే చెప్తది. అయితే అడిగేది ఎవర్ని? ఇరుగుపొరుగును తప్పనిసరిగా అడగాలని ఆ నిబంధనలు చెప్పేది జాగాను దిక్కులేకుండా వదిలేసి, ఎవరుపడితే వాళ్లు చొరబడిన ఆనవాళ్లున్నప్పుడే. యజమాని ఉన్నాడా, ఇక వాడ సాక్ష్యంతో పనిలేదు! ముఖ్యమైన అంశాలన్నీ కొనుగోలుకు ముందు 180 రోజుల్లోపు చేసినవై ఉండాలట. కొనేవాడి తేదీకి అంత పట్టింపు. ఆ పక్కనే తరాలుగా బతికినవాళ్ల కాలానికి లెక్కే లేదు. శుద్ధి ఎంత చెయ్యాలన్నది కూడా రేపు ఆ నేలను దేనికి వాడతారన్నదాన్ని బట్టే. బాట మీద కాసేపు నడిచిపోయేవాడికి ప్రమాదమెంతో లెక్కగట్టి, పైన కాంక్రీటు పరిస్తే చాలనొచ్చు. ఆ బాట అంచునే మట్టిలో ఆడుకునే పిల్లల లెక్క అదేనా?

అట్లాంటా నగరం చూడండి. 1999లో ర్యాన్ గ్రావెల్ అనే విద్యార్థి జార్జియా టెక్‌లో రాసిన సిద్ధాంత వ్యాసంలోంచి బెల్ట్‌లైన్ పథకం పుట్టింది. పాత రైలు దారుల్ని కలిపి, 45 పేటల్ని తాకుతూ 22 మైళ్ల చుట్టు మీద నడక బాట, ప్రజా రవాణా తేవాలని దాని ఉద్దేశం. బాట వచ్చిన చోట ఇళ్ల ధరలు పెరిగాయి. పేదలకు అందే ఇళ్ల మీద శ్రద్ధ చాలదని 2016లో గ్రావెలే ఆ పథకపు భాగస్వామ్య సంస్థ బోర్డు నుంచి తప్పుకున్నాడు. అదే నగరం పడమటి పక్క ఇంగ్లిష్ ఎవెన్యూ అనే నల్లజాతి పేట ఉంది. ఎమరీ విశ్వవిద్యాలయం పరిశోధకులు అక్కడ పెరటి తోటల మట్టి పరీక్షిస్తుంటే, లోహపు చిట్టెం ఎక్కడ పడి ఉందో చూపించింది పేట మనిషే. పల్లాలు పూడ్చటానికి పోసిన ఆ చిట్టెంలో సీసం బయటపడింది. 2022లో ఆ ప్రాంతం సూపర్‌ఫండ్ ప్రాధాన్య జాబితాకెక్కింది. పటాలు చెప్పలేని చరిత్ర పేటకు తెలుసు.

మనకిది దూరపు సంగతి కాదు. 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు నిబంధనలు ప్రకటించింది. అనుమానం ఉన్న స్థలాల జాబితా జిల్లా యంత్రాంగం ఇవ్వాలి. రేపు మెట్రోకో సైకిల్ బాటకో పాత పారిశ్రామిక జాగాలు తీసుకుంటే ఇక్కడా మదింపు జరుగుతది. మనిషికి మైల అంటగట్టటానికి ఏ పరీక్షా అడగని సమాజం మనది. తంగేడు చెక్కతో తోలు పదును చేసిన మాదిగ లందనూ, క్రోమియం ఉప్పులు కుమ్మరించిన కార్ఖానానూ వొకే గాటన కట్టి, వాడనే కాలుష్యానికి మూలమని రాసి ఖాళీ చేయించటం ఎంతసేపు?

కనుక మదింపు వద్దనటం మన పని కాదు, దాని ప్రశ్నల్ని మార్చటం మన పని. ఆ జాగాలో కూలి చేసినవాళ్ల మాట, మురుగు ఎత్తినవాళ్ల మాట యజమాని మాటతో సమానంగా నివేదికలో ఉండాలి. మట్టి ఎక్కడ తవ్వాలో వాళ్లు చూపాలి. ఫలితాలు తెలుగులో వాళ్ల చేతికి రావాలి. శుద్ధి అయ్యాక ఆ పక్కన నిలబడే హక్కు ఎవరిదో పని మొదలుకాకముందే రాసి ఉండాలి. దీన్ని ఇంజనీర్ల వ్యవహారమని మన విద్యార్థులు వదిలేస్తే, విషం తిన్నది వొకరు, శుభ్రమైన నేల పొందేది ఇంకొకరు అవుతారు.