పటంలో చోటు ఉంది, దారి లేదు

బస్తర్‌లోని నగర్‌నార్ విద్యార్థి అయినా, ఇంటర్నెట్ ఉంటే చాలు, నాడీమండలాన్ని కోతలు కోతలుగా చూడవచ్చు. అమెరికాలోని అలెన్ సంస్థ 2008లో ఎలుక వెన్నుపాము పటాన్ని, ఐఐటి మద్రాసు 2024లో ‘ధరణి’ అనే గర్భస్థ శిశువుల మెదడు పటాన్ని ఉచితంగా అందించాయి. ధరణిలో 5,132 కోతలున్నాయి. కణాలు కనబడేంతగా పెంచి మెదడు కాండాన్ని పరిశీలించవచ్చు. పాఠ్యపుస్తకంలోని ఒక్క బొమ్మకంటే ఇది ఎంతో మేలు.

అయితే కోత చోటును చూపుతుంది గాని, నాడీతంతువు నడిచే దారిని చూపదు. కదలికకు ఆజ్ఞలు తెచ్చే తంతువుల్లో అధికభాగం మజ్జాముఖం దిగువన పక్క మారతాయి. నొప్పిని మోసే తంతువులు వెన్నుపాములోనే మారతాయి. అందుకే ఎత్తు నుంచి పడినవారికి వీపు దగ్గర వెన్నుపాము కుడిసగం తెగితే కుడికాలు కదలదు. నొప్పి తెలియనిది మాత్రం ఎడమకాలికి. ఉక్కు కర్మాగారమున్న ఊళ్ళో ఇది పరీక్ష ప్రశ్న మాత్రమే కాదు.

మరొక జాగ్రత్త: ఆజ్ఞలు తెచ్చే తంతువులు ఎలుక వెన్నుపాములో ఎక్కువగా వెనుక భాగంలో, మనిషిలో పక్క భాగంలో సాగుతాయి. ఎలుక పటాన్ని మనిషికి యథాతథంగా అన్వయించరాదు.

కనుక వరుసగా నాలుగు కోతలను కాగితంపై గీయండి. పాఠ్యపుస్తకం చెప్పిన దారినిబట్టి ఒక తంతువును ఎరుపు పెన్సిలుతో పైనుంచి కిందికి నడిపించండి.