ఇంజన్ ఆపి చూడు

కొత్త స్పేస్ గేమ్ ఏది చేతికొచ్చినా నేను మొదట చేసే పని ఒక్కటే. ఓడను నేలకు దూరంగా తీసుకుపోయి ఇంజన్ ఆపేస్తాను. బస్సు ఆగినట్టు ఆగిపోతే ఆ గేమ్‌లో అంతరిక్షం బొమ్మగా మాత్రమే ఉన్నట్టు. అదే వేగంతో సాగిపోతూ ఉంటే ఆ రాత్రి నాకు నిద్ర ఉండదు. ఫోన్‌లో 'స్పేస్ గేమ్' అని వెతికితే కాల్పుల ఆటలే వరసకడతాయి. 'ఆర్బిట్', 'సిమ్యులేటర్' అని కొడితే అసలువి బయటపడతాయి.

పేరున్నవీ ఈ పరీక్ష తప్పుతాయి. 2016లో వచ్చిన నో మ్యాన్స్ స్కైలో 18 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని గ్రహాలు. ఆ రంగులకు నేనూ మైమరిచాను, కానీ ఓడ విమానంలాగే నడుస్తుంది. 1984 నాటి ఎలీట్‌దీ అదే తీరు. అయినా దాన్ని తీసిపారెయ్యలేను. డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు కేంబ్రిడ్జి కుర్రాళ్లు 32 కిలోబైట్ల కంప్యూటర్‌లో 8 గెలాక్సీలు, ఒక్కోదాంట్లో 256 లోకాలు ఇమిడ్చారు. ట్యాంకు నిండుగా ఉన్నా ఏడు కాంతి సంవత్సరాలకు మించి దూకలేం. బోరు ఎంతసేపు పోస్తుందో చూసుకుని మడి తడుపుకునే మా శింగనమల రైతులకు ఆ లెక్క కొత్తగా నేర్పనక్కర్లేదు.

నా మనసు నిలిచింది మాత్రం ఆర్బిటర్ దగ్గర. మార్టిన్ ష్వైగర్ అనే పరిశోధకుడు 2000లో దాన్ని ఉచితంగా విడుదల చేసి, 2021లో కోడ్ కూడా అందరికీ ఇచ్చేశాడు. అందులో శత్రువులు లేరు, తుపాకులు లేవు. ఉన్నదల్లా గురుత్వాకర్షణ, మన ఓపిక.

మా అక్క కొడుకు పదో తరగతి. మొన్న నా పాత లాప్‌టాప్ ముందు కూర్చుని ఆర్బిటర్‌లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని అందుకోబోయాడు. అదే కక్ష్యలో అది కాస్త ముందు పోతోంది. వాడు ఓడ ముక్కు అటు తిప్పి ఇంజన్ రాజేశాడు. భూమిని ఒక చుట్టు చుట్టేసరికి కేంద్రం ఇంకా దూరమైంది.

"ఏంది మామా, గట్టిగ తోలితే యెనకబడ్తాండాం?"

"వేగం తగ్గించి చూడు రా."

నమ్మలేదు, కానీ తగ్గించాడు. వేగం పెంచితే కక్ష్య పైకి లేచి చుట్టు పెద్దదవుతుంది, తిరిగి రావడానికి ఎక్కువ సేపు పడుతుంది. తగ్గిస్తే కిందికి జారి చిన్న చుట్టులో త్వరగా వస్తాం. మరుసటి చుట్టుకు కేంద్రం దగ్గరపడింది. వాడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

2023 జులై 14న శ్రీహరికోట నుంచి లేచిన చంద్రయాన్-3 చంద్రుడి కక్ష్య చేరడానికి ఆగస్టు 5 దాకా ఎందుకు పట్టిందో వాడికిప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు. అపోలో-11కు మూడు రోజులు చాలాయి, దాని వెనక సాటర్న్-5 ఉంది. మన రాకెట్ దానికంటే చాలా చిన్నది. అందుకే మొదట భూమికి దగ్గరి కొస 170, దూరపు కొస 36,500 కిలోమీటర్లు ఉండే కోలకక్ష్యలో పెట్టారు. భూమికి దగ్గరకొచ్చిన చోట కాసేపు మండించినప్పుడల్లా అవతలి కొస ఇంకా దూరం సాగింది. ఫోన్‌లోని స్పేస్‌ఫ్లైట్ సిమ్యులేటర్‌లో వాడు చేసేదీ అదే.

నిన్న పొద్దుగూకినాక చెరువు కట్ట మీదికి పోయాం. వాన మొహం చాటేసినా మా మెట్టలో ఆకాశం తేటగా ఉంటుంది. పడమట లేచిన ఒక చుక్క, మిణుకు లేకుండా, మా నెత్తిమీదుగా నిదానంగా సాగింది. అంతరిక్ష కేంద్రమే. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంజన్ ఆపేసే పోతాండాది సూడు మామా."